మా తమ్ముడి సరే

నేను పుట్టు పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మెల్‌బోర్న్‌లో క్లేటన్‌కి కాపురానికి వచ్చిన కొత్తలో, వసంతం రాగానే మ్యాగ్‌పైలనే నలుపూ తెలుపూ పిట్టలు దారిన పోయేవాళ్ల నెత్తి మీద పొడుస్తాయని ఎవరో చెప్పారు. అంతే, ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి కడిగి, దానికి వెనకవైపు రెండు పెద్ద కళ్లు గీసి, నెత్తిన బోర్లించుకుని బస్టాపుకి వెళ్లడం మొదలుపెట్టాను. మా ఆయన నాతో కలిసి నడవడానికి సిగ్గుపడి ముందు ముందు పోయేవాడు. పొడిస్తే ముందు ఆయన్నే పొడుస్తుందిలే అని నేను ఊరుకునేదాన్ని.

అంతటి ధైర్యవంతురాలికి, ఎనభైల చివర్లో మా అమ్మ తమ్ముణ్ని అప్పగించింది. బాపట్లలో పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి, పచ్చళ్లు కట్టి, యూనివర్సిటీలో పైచదువుకని మా ఇంటికి పంపింది. "వాణ్ని నీ చేతుల్లో పెడుతున్నానే, జాగ్రత్త" అని ఫోన్‌లో ఏడ్చింది. ఆ రోజు నుంచి వాడు ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే నాకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు.

మా పక్కింట్లో ఒక ముసలి దంపతులు ఉండేవారు. మేం ఆయన్ని అంకుల్ అనీ ఆవిణ్ని ఆంటీ అనీ పిలిస్తే, మీకూ మాకూ చుట్టరికం ఏమిటని మొదట్లో కంగారుపడ్డారు. తర్వాత అలవాటైపోయి, మేం పేరు పెట్టి పిలిస్తేనే కంగారుపడే స్థితికి వచ్చారు. అంకుల్‌కి బేస్‌బాల్ పిచ్చి. ఊళ్లో అందరూ ఫుట్‌బాల్ అనో క్రికెట్ అనో ఊగిపోతుంటే, ఆయన మాత్రం మా పేటలోని చిన్న బేస్‌బాల్ జట్టుని పట్టుకుని వేలాడేవాడు. ఆ జట్టు ఏటా అట్టడుగున ఉండేది. ఆయన ఏటా "ఈసారి మనదే" అనేవాడు. ఆయన మనవడు ఆ జట్టులో క్యాచర్. అంటే బ్యాటు పట్టుకున్నవాడి వెనక మాస్కు తొడుక్కుని గొంతుక్కూర్చుని, బంతిని అందుకునేవాడు.

ఒకరోజు మా తమ్ముడు పెరట్లో నిమ్మచెట్టు కింద రాలిన కుళ్లు కాయల్ని ఆ మూల నుంచి ఈ మూలనున్న చెత్తబుట్టలోకి విసురుతున్నాడు. ఒక్కటీ గురి తప్పడం లేదు. అంకుల్ కంచె మీదుగా చూశాడు. మా వాడు బాపట్లలో కాలేజీ జట్టుకి ఫాస్ట్ బౌలర్. మోచెయ్యి వంచి విసురుతున్నాడని అంపైర్లు నోబాల్ మీద నోబాల్ ఇచ్చి వాణ్ని ఏడిపించేవారు. ఇక్కడేమో ఆ వంచి విసరడమే కావాలట. వారం తిరక్కుండా జట్టులో చేర్చేసుకున్నారు. బంతి విసిరేవాణ్ని వాళ్లు పిచర్ అంటారు. నాకది పిచ్చోడు అన్నట్టే వినిపించేది, వాడు ఆ తోలు గ్లవ్ పక్కలో పెట్టుకుని పడుకునేది చూస్తే తప్పు కూడా అనిపించేది కాదు.

ఇక్కడ టీ సంగతి ఒకటి చెప్పాలి. పక్కింట్లో యెస్ ప్లీజ్, యెస్ ప్లీజ్ అంటూ నేను ఎన్ని కప్పులైనా టీ తాగేదాన్ని, మా తమ్ముడికి మాత్రం రెండోది ఎప్పుడూ దొరకలేదు. ఆంటీకి అందరూ లవ్వే, కెటిల్ పట్టుకుని "టీ, లవ్?" అని అడిగేది, పొయ్యకుండానే వెళ్లిపోయేది. "ఎంత పిసినారిదక్కా ఆవిడ! అడుగుద్ది, పొయ్యదు" అని వాడు ఇంటికొచ్చి గొణిగేవాడు. నేను నవ్వేసి ఇంట్లో పెట్టి ఇచ్చేదాన్ని.

సీజన్ మొదలవడానికి ఇంకా కొన్ని వారాలుందనగా ఒక శనివారం ఆర్వో, అంటే ఇక్కడివాళ్ల భాషలో మధ్యాహ్నం, ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టారు. అప్పటిదాకా మా వాడు కోచ్‌కే విసిరేవాడు, ఏది వెయ్యాలో ఆయన నోటితో చెప్పేవాడు. మ్యాచ్‌లో అలా కుదరదు. క్యాచర్ మోకాళ్ల మధ్య వేళ్లు చూపిస్తాడు. ఒక వేలయితే వేగంగా నేరుగా, రెండు వేళ్లయితే నెమ్మదిగా వంపు తిరిగేలా. పిచర్ ఒప్పుకుంటే తలూపి విసురుతాడు, ఒప్పుకోకపోతే క్యాచర్ గ్లవ్ దించి వేళ్లు మార్చి చూపిస్తాడు. ఇదంతా అంకుల్ పక్కన కూర్చుని చెబుతుంటే సగం వింటూ, మిరపకాయ బజ్జీల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

బంతి వెళ్లడం నాకు కనబడలేదు. చప్పుడు వినబడింది. మనవడు వెనక్కి పడిపోయి రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. మాస్కు కిందా, ఛాతీ కవచానికి పైనా ఉన్న ఆ కాస్త జాగాలో తగిలింది. నోరు తెరుచుకుని ఉంది గానీ ఊపిరి లోపలికి పోవడం లేదు, కాళ్లు మట్టిలో కొట్టుకుంటున్నాయి. అంకుల్ లేచి పరుగెత్తబోయి తూలిపడ్డాడు. మా తమ్ముడు పిచర్ నిలబడే మట్టిదిబ్బ మీదే, చెయ్యి గాల్లోంచి దించకుండా నిలబడిపోయాడు. అంబులెన్సు వచ్చేలోగా ఆ అబ్బాయికి గురక లాంటి శబ్దంతో ఊపిరి తిరిగింది. బజ్జీలన్నీ నా కాళ్ల దగ్గర దొర్లుతున్నాయి.

గొంతు ఎముక విరగలేదన్నారు ఆస్పత్రిలో. వాపు తగ్గేదాకా మాట్లాడకూడదన్నారు. ఇంకొంచెం గట్టిగా తగిలుంటే, అని డాక్టరు ఏదో అన్నాడట. ఆ మిగిలిన మాటను నేను రోజుకో రకంగా పూర్తిచేసుకుని వణికిపోయేదాన్ని. పక్కింటివాళ్లు ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బావుండేది. మా ఆయన మాత్రం తలుపులు వేసి గొంతు తగ్గించి "పోలీసు కంప్లైంట్ ఇస్తే వీసా ఏమవుద్దో ఆలోచించావా?" అన్నాడు. నా భయాల చిట్టాలో అప్పటిదాకా వీసా లేదు, అదీ చేరింది.

తమ్ముడు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు. "నేను సరేనన్నానక్కా. ఒక వేలు చూపించాడు, సరేనన్నాను, వేశాను. గ్లవ్ ఎందుకు కింద పెట్టాడో నాకర్థం కావట్లేదు." వాడు అబద్ధం చెప్పడని నాకు తెలుసు. ఆ అబ్బాయీ చెప్పడని తెలుసు. మరి బంతి గొంతులోకి ఎలా వెళ్లిందో తెలియనప్పుడు, అది మళ్లీ వెళ్లదని ఎవరు చెప్పాలి?

మొదటి మ్యాచ్‌కి ముందు వారం అంకుల్ గ్యారేజీలో వాళ్ల ఆనవాయితీ ప్రకారం అభిమానులంతా చేరారు. అంతా అంటే అంకుల్, కోచ్, మనవడు, అంకుల్ ఈడువాళ్లు మరో ఇద్దరు. మా తమ్ముణ్నీ రమ్మన్నారు. వాడొక్కణ్ని పంపడానికి భయమేసి, బజ్జీలు తెచ్చే వంకతో నేనూ వెళ్లి పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

జట్టు జాతకం మీద చర్చ జోరుగా సాగుతోంది. బాగా బ్యాటింగ్ చేసేవాడు ఉద్యోగం దొరికి క్వీన్స్‌లాండ్ వెళ్లిపోయాడు. ఫస్ట్ బేస్ కాసేవాడికి మోకాలు నొప్పి. "ఈ కుర్రాడు వేస్తే గెలవొచ్చు" అన్నాడు ఒక ముసలాయన. "వేస్తే క్యాచర్ మిగలడు" అన్నాడు రెండో ఆయన. ఎవరూ నవ్వలేదు. అంకుల్ "ఈసారి మనదే" అనలేదు. ఆ మాట ఆయన నోట రాకపోయేసరికి నాకు అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది.

కోచ్ మనవణ్ని చూపిస్తూ తిన్నగా విషయానికి వచ్చాడు. "వీడు ఏం అడిగినా ఇతను ఒప్పుకోడు. మ్యాచంతా అదే వరస. ఒప్పుకోడు, సైగ మార్చేలోపు తనకిష్టమైంది వేసేస్తాడు. చెప్పినమాట వినని పిచర్ నాకొద్దు." మనవడు మెడకి గుడ్డ చుట్టుకుని, అవునన్నట్టు కిందకీ పైకీ తలాడించాడు. ఆ మెడ చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"మేట్, సూటిగా అడుగుతున్నా" అన్నాడు కోచ్ మా వాడి వైపు తిరిగి. "ఇకనుంచి వీడు అడిగిందే వేస్తావా?"

మా వాడు మాట రాక, ప్రాణం పెట్టి, తల ఊపాడు. మనవడు రెండు చేతులూ పైకెత్తి, చూశారా అన్నట్టు అందరివైపూ తిరిగాడు. కోచ్ మొహం గంటు పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆంటీ కెటిల్‌తో వచ్చింది. ఇంట్లో ఏం జరుగుతున్నా ఆవిడ టీ ఆగదు. "టీ, లవ్?" అంది మా వాడితో. వాడు మళ్లీ తలూపాడు. ఆవిడ పొయ్యకుండా ముందుకు వెళ్లిపోయింది.

పళ్లెం ఎక్కడ పెట్టానో గుర్తులేదు. "ఒరేయ్, నీ తల!" అని తెలుగులో అరిచాను. గ్యారేజీ అంతా ఉలిక్కిపడింది. "అంకుల్, అది నో కాదు. అది యెస్! మా ఊళ్లో యెస్ అంటే అంతే! వాడు మొదటినుంచీ యెస్సే అంటున్నాడు!"

కోచ్ మా వాణ్ని మళ్లీ చెయ్యమన్నాడు. చేశాడు. తల ఓ పక్కకి వాలి, మళ్లీ లేచి, ఇంకో పక్కకి కాస్త వాలి నిలబడింది. మనం రోజుకి వందసార్లు చేసేదే. "మీరంతా ఇలాగే చేస్తారా?" అన్నాడు అంకుల్. అవునంకుల్ అంటుంటే నా తల కూడా అలాగే వాలింది, నేను ఆపలేకపోయాను. ముసలాళ్లు ఘొల్లున నవ్వారు. ఆంటీ కెటిల్ పట్టుకుని వెనక్కి వచ్చి, పాపం ఇన్నాళ్లూ, అంటూ కప్పు నింపింది. మనవడు ఒక్కడే నవ్వలేదు. మాట్లాడకూడదన్నా వినకుండా, గీరుకుపోయిన గొంతుతో, "అంటే ఇన్నిసార్లూ నాకు సరేనన్నాడా?" అన్నాడు. ఒక్క సరే కోసం ఒక పిల్లాడి ప్రాణం పోయేది.

తెలిశాక భయం పోతుందనుకున్నాను. ఇంకా పెరిగింది. తెలిసినంత మాత్రాన తల మాట వింటుందా? వారమంతా వాణ్ని అద్దం ముందు నిలబెట్టి, "కిందకీ పైకీ రా, కిందకీ పైకీ" అని నెత్తీ నోరూ బాదుకున్నాను. ఆలోచించి ఊపితే గంగిరెద్దులా బాగానే ఊపేవాడు. పరాకుగా ఉన్నప్పుడు "అన్నం తింటావా?" అని అడిగితే మళ్లీ పక్కకే వాలేది. చివరికి వాడే "నేను ఆడనక్కా, నాకు భయమేస్తంది" అన్నాడు. నేనూ అదే మంచిదన్నాను. మర్నాడు మనవడు గ్లవ్ తొడుక్కుని కంచె అవతల నిలబడ్డాడు. మాస్కు కింద గొంతుకి అడ్డుగా కొత్తగా ప్లాస్టిక్ రేకు ఒకటి వేలాడుతోంది. దాన్ని వేలితో టకటకా కొట్టి చూపించి, బంతి వెయ్యమని సైగ చేశాడు. తమ్ముడు వెళ్లాడు. నేను కర్టెన్ లాగేసి, నిమ్మచెట్టు వైపు నుంచి వచ్చే ఒక్కో చప్పుడుకీ యేసయ్యా, యేసయ్యా అనుకుంటూ గడిపాను.

మొదటి మ్యాచ్ రోజు గాలి ఈడ్చి కొడుతోంది. అంకుల్ స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను ఆంటీ పక్కన, ఆట చూడకుండా మా వాడి తల చూస్తూ కూర్చున్నాను. ప్రతి బంతికీ బిగుసుకుపోయి కిందకీ పైకీ ఊపుతున్నాడు. ఊపినప్పుడల్లా నేనూ ఊపాను, నా మెడ పట్టేసింది. ఆట సగం దాటాక అవతలివాళ్లు మూడు బేసుల్లోనూ చేరి, ఒక్క దెబ్బ తగిలితే పరుగులు తీసేయడానికి కాచుకున్నారు. ఒక భారీ మనిషి బ్యాటు పట్టుకుని వచ్చాడు. కోచ్ ఏదో అరుస్తున్నాడు, అందరూ ఏదో అరుస్తున్నారు. మా వాడు మొహం తుడుచుకుని ముందుకి వంగాడు. మనవడు ఒక వేలు చూపించాడు.

మా వాడి తల పక్కకి వాలింది.

లేచి నిలబడ్డాను. అరవాలి. నోరు తెరిచాను గానీ ఊపిరి లోపలికి పోలేదు, చప్పుడు బయటికి రాలేదు. నా చెయ్యి నా గొంతు మీదే ఉంది. వాడు అప్పుడే కాలెత్తి చెయ్యి వెనక్కి తీశాడు. మనవడు వేళ్లు మార్చలేదు. మాస్కు మీద ఎండ పడి మెరుస్తోంది. ఆ మాస్కు కొంచెం పక్కకి వాలి, మళ్లీ లేచి, ఇంకో పక్కకి వాలి నిలబడింది. అచ్చం మా బాపట్లలోలాగే.

కళ్లు మూసుకున్నాను. బంతి తోలులో పడ్డ చప్పుడు వినబడింది.

ఆ రోజు మా జట్టు ఓడిపోయింది. వచ్చే వారం మనదేనన్నాడు అంకుల్. అదంతా తర్వాత సంగతి. ఆ క్షణాన నేను కళ్లు తెరిచేసరికి మనవడు బంతిని తిరిగి మా వాడికి విసురుతున్నాడు. ఆంటీ చెయ్యి పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాను. ఆవిడ నన్ను మెల్లగా కూర్చోబెట్టి, ఫ్లాస్కు మూత తిప్పి, "టీ, లవ్?" అంది. నాకు ఇంకా మాట రాలేదు. తల ఒక్కటే ఊగింది, అలవాటైన పక్కకే. ఆవిడ కప్పు నిండా పోసింది.