గోడకెదురుగా కట్టిన గుర్రం

నా నోటు పుస్తకంలో ఒక్కో గుర్రానికి తొమ్మిది గడులుండేవి: పేరు, వయసు, పాత ట్రైనర్, కొత్త ట్రైనర్, మారిన తర్వాత గడిచిన రోజులు, పందెం దూరం, మోసిన బరువు, జాకీ, వచ్చిన స్థానం. ఈమధ్యే ట్రైనర్ మారిన గుర్రాలను మాత్రమే అందులో ఎక్కించేవాణ్ణి. అన్ని గుర్రాల గురించీ ఆలోచించే తీరిక నాకు లేదు. వారానికి దొరికే ఒక్క సెలవుకి ఒక్క ప్రశ్న చాలనుకున్నాను: చేయి మారితే గుర్రం మారుతుందా?

ఈ పిచ్చి నాకు పెద్దబాపు వల్ల పట్టింది. మా నాయినకు అన్న. కొడకండ్ల నుంచి పట్నం పోయి మలక్‌పేట రేసుకోర్సులో ముప్పై ఏళ్లు సాయిసుగా పనిచేశాడు. గుర్రాన్ని కడిగి, మేపి, నడిపించి, దాని పక్కనే పడుకునే మనిషి సాయిసు. తుంటి విరిగాక పని మానేసి జనగామలో ఉంటున్నాడు. నేను డిప్లొమా చదివి మీటర్లు సరిచూసే ఉద్యోగంలో చేరాను. మొదట మహబూబాబాద్‌లో, తర్వాత భూపాలపల్లిలో.

భూపాలపల్లికి బదిలీ అయిన రోజు పెద్దబాపు నాతో వచ్చాడు. అద్దె గదిలోకి అడుగుపెట్టి, సంచి కూడా దించకుండా, మంచాన్ని ఈడ్చి తలుపు వైపు తిప్పాడు. "గిప్పుడు పండు" అన్నాడు. ఎందుకని అడిగితే నవ్వి, దర్శనానికని కాళేశ్వరం బస్సు ఎక్కడానికి వెళ్లిపోయాడు.

పందేలున్న ఆదివారాల్లో జనగామ స్టేషన్‌లో ఇద్దరం కలిసి రైలెక్కేవాళ్లం. కిటికీ పక్కన కూర్చుని నేను పట్టిక చదివేవాణ్ణి, ఆయన కళ్లు మూసుకుని వినేవాడు.

"అంత రాసినవు గదా, సాయిసు పేరేది కొడుకా?"

"రేసు పుస్తకంలో సాయిసు పేరు వేయరు పెద్దబాపు."

"ఎయ్యకుంటే మనిషి లేనట్టేనా? ట్రైనరు పొద్దుగాల ఒచ్చి జూసి పోతడు. గుర్రం బతికేది సాయిసు తోని."

ఎదురు సీటులో కూర్చున్న పత్తి వ్యాపారి ఒకాయన పకపకా నవ్వి, "పెద్దాయనా, గింత తెలిసినోనివి ఇంకా జనరల్ డబ్బాలనే ఎందుకున్నవు?" అన్నాడు.

"గుర్రం సంగతి తెలుసన్న. పైసల సంగతి నాకేం తెలుసు?"

ఆయన మాటలో బలం నాకు ఒక నల్ల గుర్రం దగ్గర అర్థమైంది. పందేనికి ముందు గుర్రాలను గుండ్రంగా తిప్పి చూపించే చోటుని పాడక్ అంటారు. నా లెక్క ప్రకారం ఆ గుర్రం కొత్త ట్రైనర్ దగ్గరికి వచ్చి పట్టుమని మూడు వారాలు కాలేదు, కుదురుకోదు. పెద్దబాపు కడ్డీల మీద మోచేతులు ఆన్చి చూసి, "పగ్గం పట్టుకున్నోడు పాత తబేలా మనిషే. గుర్రం తోనే ఒచ్చిండు. మారింది ట్రైనరు బోర్డే" అన్నాడు. ఒక్క టికెట్ కొన్నాడు. ఆయన ఎప్పుడూ రోజుకు ఒక్కటే కొంటాడు. నల్లది గెలిచింది. నేను కాసిన గుర్రం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

ఆ తర్వాత వచ్చింది ఎర్రది. రెండేళ్ల పిల్లగా రేసుకోర్సుకు వచ్చినప్పటి నుంచి, తుంటి విరిగేదాకా, పెద్దబాపు సాకిన ఆడగుర్రం. ఆయన మానేశాక దాని ఓనరు తన గుర్రాలన్నిటినీ ఇంకో ట్రైనర్‌కి అప్పగించాడు. కొత్త లాయం నుంచి అది మొదటిసారి పరుగెత్తే రోజు నా పట్టికలో గడులన్నీ దాని వైపే ఉన్నాయి. నేను ధైర్యంగా కాశాను. పెద్దబాపు కాయలేదు. తను సాకిన గుర్రం మీద కాయకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం.

పాడక్‌లో ఆయన ముఖం మారిపోయింది. "అది ఊగుతున్నది జూడు."

"నడకే అట్ల ఉందేమో."

"నడిచినప్పుడు కాదురా. నిలబడ్డప్పుడు."

చూశాను. ఆపినప్పుడల్లా బరువు కుడికాలి మీది నుంచి ఎడమకాలి మీదికి, మళ్లీ కుడికి. మీటరు ముల్లు కుదరక ఆడినట్టు తల అటూ ఇటూ ఆడుతోంది. అంతసేపు చూసిన నాకు అది కనిపించలేదు. ఎర్రది ఆఖరున వచ్చింది.

పందేలయ్యాక పెద్దబాపు గేటు కాపలాదారుతో కబురు పంపి కొత్త సాయిసుని బయటి చాయ్ బండి దగ్గరికి పిలిపించాడు. మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చిన మనిషి, నలభై ఏళ్లుంటాయి. గుర్రం గురించి అడగడానికి వచ్చారనగానే బిగుసుకున్నాడు.

"నా తప్పేం లేదు పెద్దాయనా. దాణా ఏస్త, మాలీష్ చేస్త. సగం తింటది, సగం ఇడ్సిపెడ్తది. ఓనరు ఇంకొక్క పందెం జూస్తనన్నడు. అప్పుడు గిట్లనే ఉరికితే బరాత్ గుర్రాలోళ్లకు ఇచ్చేస్తడట."

పెద్దబాపు చాయ్ గ్లాసు బండి మీద పెట్టేశాడు. బరాత్ అంటే పెళ్లి ఊరేగింపు, బ్యాండు, లైట్లు, గుర్రం కాళ్ల కింద టపాసులు. దీపావళి నాడు తెల్లారేదాకా ఆయన దాని మెడ పట్టుకుని నిలబడేవాడని మాకందరికీ తెలుసు.

"తప్పు నీదని ఎవలన్నరు తమ్మీ? ఒక్కటి జెప్పు. దాని గడప కాడ మన్ను ఎట్లున్నది?"

సాయిసు ఆశ్చర్యంగా చూశాడు. "రెండు దిక్కుల గుంటలు పడ్తున్నయి. నేనే రోజు పొద్దుగాల లేవంగనే పూడుస్త. ట్రైనర్ సారు ఒచ్చెటాళ్లకు సాపుగుండాలె గదా."

"తలుపుకు ఎదురుంగ ఏమున్నది?"

"ఏమున్నది, గోడ. మూలకు గది ఇచ్చిన్రు దానికి. పక్క గది ఖాళీ."

"నా కాడ ఉన్నప్పుడు దానికి ఎదురుంగ ఎనిమిది గుర్రాలు కనబడేటియి. గిప్పుడు ఏం కనబడ్తలేదు. రాత్రంతా నిలబడి ఊగుతున్నది. ఇంకేం ఉరుకుతది?"

నేను నోరు తెరిచి వింటున్నాను. గుర్రం గది చూడకుండా, గేటు బయట నిలబడి, రెండు ప్రశ్నలతో లోపం పట్టుకున్నాడు. మా పనిలో దీనికి పరికరాలు కావాలి, ఫారాలు నింపాలి.

"నిజమే కావొచ్చు, కని సారుకు నేనెట్ల జెప్పాలె?" అన్నాడు సాయిసు. "సాయిసు చెప్తే ఇంటరా? నువ్వు ముప్పై ఏండ్లు చేసినవు, నిన్ను ఇన్నరా?"

"ఇనలే" అని పెద్దబాపు నవ్వాడు. "గందుకే చెప్పకు. నువ్వు పని మంచిగ చేసి దాని బాధ కనబడకుండ చేస్తున్నవు. రేపటి సంది గుంటలు పూడ్వకు. ఆయననే సూడనియ్యి, ఆయననే అడగనియ్యి. అడిగినంక జెప్పు."

"తిడితే?"

"ఒక్క రోజు తిట్లు పడు తమ్మీ. దాని కోసం."

సాయిసు గేటు వైపు తిరిగాడు. పోతూ పోతూ, "బరాత్‌కు పోనియ్య తీయ్" అని మాత్రం అన్నాడు.

ఆ వారం భూపాలపల్లి గదిలో నేను పుస్తకంలో పదో గడి గీశాను: ఎటు ముఖం. గీసి, తలుపు వైపు తిప్పి ఉన్న మంచం మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశాను. ఒక్క ఎర్రదాని వరుసలో తప్ప ఆ గడి ఎక్కడా నిండలేదు. ఆ సంగతి ఏ రేసు పుస్తకమూ అచ్చు వేయదు.

దాని తర్వాతి పందెం నాటికి మళ్లీ వెళ్లాం. పాడక్‌లో ఎర్రదాన్ని ఆపారు. నాలుగు కాళ్ల మీద కదలకుండా నిలబడింది, చెవులు ముందుకు పెట్టి పక్క గుర్రాన్ని చూస్తూ. పెద్దబాపు కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. నేను గెలుస్తుందని కాశాను. చివరి మలుపులో ఆరోదిగా ఉండి, తిన్నని దారిలోకి వచ్చాక ఒక్కొక్కదాన్నే దాటింది. మూడోదిగా వచ్చింది. నా టికెట్ చెత్త కాగితమైంది. పెద్దబాపు మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, విరిగిన తుంటిని మరచిపోయి, మునివేళ్ల మీద నిలబడి ఉన్నాడు.

చాయ్ బండి దగ్గరికి సాయిసు పరుగున వచ్చాడు. "ఉంచుతరట పెద్దాయనా! ఈ సీజనంత ఉంచుతనని ఓనరు సారుతోని అన్నడు. నేను పక్కనే ఉన్న."

"గది మార్చిన్రా?"

"మార్చిన్రు. ట్రైనర్ సారు మస్తు తిట్టిండు, తిట్టినంకనే అడిగిండు. గిప్పుడు ఎదురుంగ అయిదు గుర్రాలున్నయి."

"గడప కాడ?"

"పన్నెండు రోజులాయె. మన్ను ఎట్ల ఏసిన్నో గట్లనే ఉన్నది."

చక్కెర జబ్బని పెద్దబాపు రోజుకు ఒక్క చాయే తాగుతాడు. ఆ రోజుది పొద్దున్నే జనగామ స్టేషన్‌లో అయిపోయింది. ఆయన బండివాడి వైపు తిరిగి మూడు వేళ్లు చూపించాడు.