అన్నిట్లోకీ చిన్న మాట

కోర్టులో అందరూ ఆవిణ్ణి దుబాసీ మేడం అంటారు. ఇంట్లో అక్క మాత్రం రెండు నోళ్ళది అంటుంది. "నోళ్ళు రెండిచ్చినా పొట్ట ఒకటే ఇచ్చాడు దేవుడు, బతికిపోయాను" అని నవ్వుతుంది. అక్క దర్జీ పని చేస్తుంది. కింద కుట్టుమిషను, గుడ్డలు కత్తిరించే బల్ల. పైన అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉండే గది.

జడ్జికి తెలుగు రాదు. బోనెక్కేవాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు రాదు. మధ్యలో ఈవిడ. సాక్షి "నేను చూశాను" అంటే ఈవిడ కూడా ఇంగ్లీషులో "నేను చూశాను" అనాలి తప్ప, "ఆయన చూశాడట" అనకూడదు. అది ఆ ఉద్యోగం పద్ధతి. అందుకే సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అక్క అడుగుతుంది, "ఇవాళ ఎవరివే నువ్వు?" అని. "గొలుసు దొంగని" అనో, "దొంగగారి భార్యని" అనో ఈవిడ జవాబు. రోజంతా ఊళ్ళోవాళ్ళ పాపాలన్నీ "నేను, నేను" అని ఒప్పుకుని వచ్చే మనిషికి ఆ కాస్త నవ్వు కూడా లేకపోతే ఎలా?

ఇంకో పద్ధతి ఉంది. బోనులో పలికిన ప్రతి మాటా చెప్పాలి. తిట్టయినా, సణుగుడైనా, చివరికి దుబాసీతో అన్నదైనా సరే. ఒకసారి ఒక ముసలమ్మ ఈవిడ వైపు వంగి, "ఈ జడ్జికి చెవుడా ఏంటి తల్లీ?" అని గుసగుసలాడింది. ఈవిడ తొణక్కుండా అదీ చెప్పేసింది. హాలంతా గొల్లుమంది, జడ్జి కూడా నవ్వాడు. అప్పటినుంచి దుబాసీ మేడం చెబితే అక్షరం పొల్లుపోదని పేరు. సాక్షి వాక్యం ముగిసేలోపే ఈవిడ నోట్లో ఇంగ్లీషు తయారుగా ఉండేది. ఆ వేగం చూసుకుని ఈవిడకు కొంచెం గర్వం కూడా. ఉండకూడదా ఏం?

కత్తి కేసులొస్తే మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. మనవాళ్ళకు కూరలు తరిగేదీ కత్తే, గడ్డం గీసేదీ కత్తే, మనిషిని పొడిచేదీ కత్తే. ఇంగ్లీషు అలా ఊరుకోదు. నైఫ్ వేరు, డాగర్ వేరు, సోర్డ్ వేరు, తుప్పలు నరికే మషెటీ వేరు. నైఫ్ అంటే కోపంలో చేతికి దొరికింది కావచ్చు. డాగర్ అన్నారంటే రెండు వైపులా పదునుతో, ఒరలో పెట్టి, మనిషి కోసమే పట్టుకొచ్చిందన్నమాట. ఆ తేడా మీద ఒక మనిషి జైల్లో ముసలివాడవుతాడా, వయసులో ఉండగానే బయటికొస్తాడా అన్నది తేలుతుంది.

అదే ఇంగ్లీషు ఆ మాటల్నే సరదాకీ వాడుకుంటుంది. కోపంగా చూస్తే డాగర్లు చూశారంటారు. వాదించుకుంటే సోర్డులు కలిపామంటారు. వకీళ్ళిద్దరు పొద్దున అలా సోర్డులు కలిపి, మధ్యాహ్నం ఒకే బిస్కెట్ పొట్లంలో చేతులు పెట్టడం ఈవిడ రోజూ చూసేదే. ఒంటి మీద గాటు పడనివాళ్ళకే ఆ సరదాలన్నీ అని ఈవిడకు లోపల మంట.

అందుకని ఒక అలవాటు చేసుకుంది. సాక్షి కత్తి అనగానే, జడ్జి అనుమతితో, "ఎంత ఉంటుందో చేతులతో చూపించండి" అనేది. చూపించిన పొడుగును బట్టి, పిడిని బట్టి మాట ఎంచుకునేది.

ఆ రోజు బోనెక్కింది ఒక వడ్రంగి. తలుపులు, కిటికీలు చేసే మనిషి. ఇల్లు వదిలి పొమ్మన్నందుకు కొడుకు పొడిచాడు. ఆయన అడ్డుకోబోయి రెండు అరచేతులతోనూ ఆ కత్తినే పట్టుకున్నాడు. పారిపోతూ కొడుకు దాన్ని కాలవలో పడేశాడు, అది దొరకలేదు. కాబట్టి అదెలాంటిదో చెప్పగలిగింది ఒక్క తండ్రే. కొడుకు ఎదురుగా, పోలీసుల మధ్య, తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"దేంతో పొడిచాడు?" అని ప్రాసిక్యూటర్.

"కత్తితో" అన్నాడు వడ్రంగి.

"ఎలాంటి కత్తి?"

"కత్తేనండీ. కత్తి ఎలా ఉంటుంది, కత్తిలాగే ఉంటుంది."

ఉలికీ బాడిశకూ, ఉలుల్లో మళ్ళీ ఒక్కోదానికీ వేరే పేరు పెట్టి పిలిచే మనిషి, ఆ ఒక్కదానికి పేరు తెలియనట్టు నీళ్ళు నమిలాడు. ఆయన ఎందుకు నములుతున్నాడో ఈవిడకు అర్థమైంది. అర్థమైనా అలవాటు ప్రకారమే అడిగింది.

"ఎంత ఉంటుందో చేతులతో చూపించండి."

ఆయన చేతులు పైకెత్తాడు. రెండూ మణికట్టు దాకా కట్లే, వేళ్ళు కూడా కనపడవు. వాటినే కాసేపు చూసుకుని దించేశాడు. తర్వాత బోను చెక్క మీదికి వంగి, ఇంట్లో ఆడపిల్లతో చెప్పుకున్నట్టు మెల్లగా అన్నాడు.

"ఈ చేతుల్తో ఏం చూపించనమ్మా? వాళ్ళ మాటలన్నీ నీకు తెలుసుగా. అన్నిట్లోకీ చిన్నదేదో చూసి అది చెప్పు తల్లీ. వాడు నా కొడుకు."

ఆయన "నా కొడుకు" అనేసరికి ఈవిడ "వాళ్ళ మాటలన్నీ నీకు తెలుసుగా, అన్నిట్లోకీ చిన్నదేదో చూసి అది చెప్పు" దాకా ఇంగ్లీషులో వచ్చేసింది. ఆగుదామనుకుంది. నోరు ఆగలేదు. "వాడు నా కొడుకు" అన్నది కూడా తన గొంతుతోనే వింది.

ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. జడ్జి కలం తీసి రాసుకున్నాడు. ప్రాసిక్యూటర్‌కు వాసన తగిలింది. సాక్షి దాస్తున్నాడని లేచి, ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు గుప్పించాడు. పిడి ఎలా ఉంది, పదును ఒక వైపేనా, చేతులు రెండూ ఎందుకు తెగాయి, ఎక్కడినుంచి తీశాడు? ప్రతి ప్రశ్ననూ తెలుగులో ఆ తండ్రి మీదికి తోసింది ఈవిడే. చివరికి ఆయన ఏడుస్తూ, "నడుం దగ్గర ఒరలోంచి తీశాడయ్యా, రెండు వైపులా పదునే" అన్నాడు.

ఇక వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఈవిడ డాగర్ అంది. కొడుకు అప్పుడు మొదటిసారి తలెత్తి తండ్రి వైపు చూశాడు.

లేచేముందు జడ్జి, దుబాసీ మేడం నిజాయితీని మెచ్చుకుంటున్నానని నలుగురిలో అన్నాడు. ఆ మాటను తెలుగులో చెప్పమని మాత్రం ఎవరూ అడగలేదు, అదొక్కటే అదృష్టం.

బయట వరండాలో వడ్రంగి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు పనికిరాక, భుజానికి ముఖం రుద్దుకుంటున్నాడు. ఈవిడ దగ్గరికి వెళ్ళింది. క్షమించమనడానికి రెండు భాషల్లోనూ మాట దొరకలేదు. ఆయనే తలెత్తాడు. కోపం లేదు. తిట్టినా బాగుండేది.

"నేను నీతో చెప్పానమ్మా" అన్నాడు. "వాళ్ళతో కాదు."

సాయంత్రం ఈవిడ గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, అక్క మిషను తొక్కుతూనే, తలెత్తకుండా అడిగింది.

"ఇవాళ ఎవరివే నువ్వు?"

ఈవిడ చెప్పులు పక్కన పెట్టి గుమ్మంలోనే కూర్చుంది. అక్క మిషను ఆపి చూసింది.

"ఇవాళ నేనే అక్కా" అంది ఈవిడ.