చక్రాల పురుగు

ఫాల్గుణ బహుళ విదియ, గురువారం. రాజమండ్రిలో ఆడవాళ్లకు వైద్యం చేసే దొరసాని గదిలో గడియారం తొమ్మిది కొట్టింది. కాపురానికొచ్చి ఏళ్లు గడిచినా నాకు కడుపు పండలేదు. ఈవిడ కూడా లాభం లేదంటే మా ఆయనకు మారుమనువు చేస్తానని ముందే చెప్పి, మా అత్త నన్ను ధవళేశ్వరం మీదుగా పడవలో తీసుకొచ్చింది.

పరీక్ష అయింది. నా భయం పోగొట్టడానికి కాబోలు, దొరసాని బల్ల మీదున్న భూతద్దాల గొట్టంలోకి చూడమంది. కింద గాజుపలక మీద కాలువ నీటిబొట్టు. అందులో గాజులాంటి పురుగు. తల మీద రెండు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. కడుపులో పిల్ల కదలడం పైకే కనబడుతోంది.

“వీటిలో మగవి లేవు,” అంది దొరసాని. “ఎవరికీ కనబడలేదు. అన్నీ ఆడవే, ఒంటరిగానే కంటాయి. నీళ్లు ఆరితే ముడుచుకుని పడి ఉంటాయి. తడి తగిలితే లేస్తాయి.”

అత్త కూడా కన్ను పెట్టి చాలాసేపు చూసింది.

“మరి మా కోడలి సంగతేంటండి?”

“నాకు ఈమెలో లోపం కనబడలేదు. లోపలిది చెప్పలేను. మీ అబ్బాయిని కూడా వైద్యుడికి చూపించండి.”

“మావాడికేమండి, గుండ్రాయిలా ఉన్నాడు.” అత్త నావైపు తిరిగింది. “ఏమే, విన్నావా? మగదిక్కు లేని పురుగు కంటోంది. మొగుణ్ణి పక్కనెట్టుకుని నీకేమొచ్చింది?”

దొరసాని కాదు కాదంటూ ఏదో చెప్పబోయింది. అత్త అప్పటికే లేచింది. పురుగు కడుపులోకి చూసిన అద్దం నా కడుపులోకి చూడలేకపోయింది.

వైశాఖంలో మా ఆయన ఇంకో పిల్ల మెడలో తాళి కట్టారు. ఆ పిల్లకూ కడుపు రాలేదు. పురుగు మాట అత్త ఆమెనూ అంది, నన్నన్న గొంతుతోనే. మా ఆయనను మాత్రం ఏ వైద్యుడికీ చూపించలేదు. నేనూ ఆ పిల్లా ఒకే బిందెలో కాలువ నీళ్లు వడగట్టుకుంటూ ముసలివాళ్లమయ్యాం. ఆ నీళ్లలో ఆ పురుగులు కంటూనే ఉండి ఉంటాయి.

అక్షరాలు ఈ వయసులో వచ్చాయి కనుక ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు గదిలో ఉన్నది దొరసాని, మా అత్త, నేను, గాజుపలక మీద ఆ పురుగు, దాని కడుపులో పిల్ల. మాతో వచ్చిన మా ఆయన రేవులోనే ఉన్నారు. పడవ దిగలేదు.