సగం ఉప్పు నీళ్ళ కుండ

మా చిన్నప్పుడు... నాగాయలంక దగ్గర మా సర్కారు బడి వెనక, చూరు కింద మూడు పాత కుండలుండేవి. మూడింట్లోనూ వరి నారే. మాది ఏడో తరగతి. సైన్సు మేడం గారు పుస్తకం మూసేసి, "ఉప్పు నీళ్ళకి వరి బతుకుతుందో లేదో మీరే పెంచి నాకు చెప్పండి" అన్నారు.

ఒక కుండకి కాలవ నీళ్ళు, ఒకదానికి సముద్రం పోటు కలిసే ఏటి ఉప్పు నీళ్ళు, మూడోదానికి సగం సగం... ఉప్పు నీళ్ళు తేవడం మంగ పని. వాళ్ళది చేపలు పట్టే పల్లె. సత్తు బిందె చంకన పెట్టుకుని బడికొచ్చేది. "పోటెక్కినాకే ముంచాలే, లేకపోతే చప్పగా ఉంటాయి" అని నా నాలిక్కి తగిలించేది. మేడం గారు కూడా వేలు ముంచి చూసి మొహం చిట్లించేవారు.

ఉప్పు నీళ్ళ కుండ తొందరగానే మాడిపోయింది. సగం కుండ మాత్రం మహా మొండిది... ఆకు కొసలు ఎర్రబడ్డా చావలేదు, పిలకలు కూడా వేసింది.

"ఇది ఈనుద్ది, చూడు" అనేది మంగ.

"ఈనినా తాలు గింజలే" అనేదాన్ని నేను. రోజూ ప్రార్థన బెల్లుకి ముందే పరిగెత్తి దాని మొహం చూడాల్సిందే.

సగం కుండలో వరి పొట్ట మీదుండగా, వెన్ను ఇంకా బయటికి రాకముందే, మా నాన్న ఏదో పనుండి బడికొచ్చారు. మోచేతుల దాకా మట్టితో ఉన్నాను నేను.

"మట్టి పిసకడానికి మాకు చేలు లేవాండీ మేడం గారూ? దానికి బడెందుకండీ?"

"చేలో పని నేర్చుకుంటారండీ... ఇక్కడ ఎందుకని అడగడం నేర్చుకుంటున్నారు" అన్నారావిడ నెమ్మదిగా.

నాన్నకి ఎక్కలేదు. దసరా సెలవులవగానే నన్ను గుడివాడ హాస్టల్లో పడేశారు. ఇంకొన్నాళ్ళాగు నాన్నా, వెన్ను బయటికొస్తుందని ఏడ్చాను. "వరి ఈనడం చూడాలా? మన చేలో కావలసినంత ఈనుద్ది" అన్నారు.

గుడివాడలో ల్యాబుకెప్పుడూ తాళమే. ఉప్పు నీళ్ళలో వరి ఎందుకు ఎదగదో పాయింట్లు బట్టీ పట్టించారు. పరీక్షలో అదే వచ్చింది, నిండా మార్కులేశారు. రాశానే గానీ నాకు నమ్మకం కుదరలేదు... నేనొచ్చేనాటికి మా కుండ బతికే ఉంది మరి.

వేసవికి ఇంటికెళ్తే చూరు కింద కుండల్లేవు. మేడం గారికి బదిలీ అయిందట. మంగ వాళ్ళు బందరు వెళ్ళిపోయారట.

నాన్నని తిట్టుకోలేను. తను పడ్డ బురద నాకంటకూడదనేగా ఆయన తాపత్రయం. కానీ మొన్న మా అబ్బాయి బళ్ళో 'మట్టి పండగ' అన్నారు... ఫీజు కట్టించుకుని, చేతులకి గ్లౌజులు తొడిగి, ట్రేలో విత్తనం నాటించారు. సాయంత్రానికల్లా ఫొటో వచ్చేసింది. మొలకొచ్చిందా కన్నా అంటే వాడికి తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు వాడికి. నా ప్రాణం ఉసూరుమంది.

మీ బళ్ళో మీ చేత్తో ఏం చేశారో కింద రాయండి, అన్నీ చదువుతాను. మంగా... ఎక్కడున్నావో గానీ, ఇది నీ కంటపడితే ఒక్క మాట చెప్పవే.

అది ఈనిందా?