సులైబియా షెడ్డులో ఓడ

మే నెల. ఉదయం ఆరూ పదికి కువైట్‌లో దిగాను. అప్పటికే ముప్పై నాలుగు డిగ్రీలు. గాలి నిండా ఇసుక. నేవీలో పదిహేనేళ్లు ఓడల పొట్టల్లో రిపేర్లు చేసి బయటికొచ్చిన రెండో ఏడు అది. ఏడాది కాంట్రాక్టు. ఓడల పని అన్నారు. తీరా తీసుకెళ్లింది సముద్రానికి కాదు, సులైబియాలో గోడౌన్ల మధ్య ఒక ఖాళీ షెడ్డుకి.

అక్కడ ఒక హైదరాబాద్ ఇంజనీరమ్మ తలకు తగిలించుకునే కళ్లద్దాలిచ్చింది.

"పెట్టుకోండి సార్. మొదట్ల కొంచెం తల తిరుగుతది."

పెట్టుకున్నాను. సిమెంటు నేల మీద ఆయిల్ ట్యాంకర్ నిలబడింది. అసలు సైజులో. దాని ముక్కు షెడ్డు గోడ దాటి పోయింది. నిజం ఓడ దూరంగా రేవు యార్డులో ఉంది. దాని ప్రతి రేకూ, ప్రతి నిచ్చెనా కొలిచి కంప్యూటర్‌లో కట్టిన జంట ఓడ ఇది. డిజిటల్ ట్విన్ అంటారు. యార్డు పనివాళ్ల నడుముకు ట్యాగులుండేవి. ఒక్కో మనిషి నాకు ఒక పచ్చ చుక్క. వాళ్లకు రేడియోలో దారి చెప్పడం నా డ్యూటీ. ఉదయం ఆరు నుంచి సాయంత్రం నాలుగు దాకా, షెడ్డులో ఒక్కణ్నే.

రిగ్గైలో గది. ముగ్గురం, మూడు షిఫ్టులు, ఒకరికొకరం ఎదురుపడం. నేవీలో తొంభై మంది గురకల మధ్య పడుకున్నవాణ్ని. ఇక్కడ నాతో మాట్లాడే గొంతు రేడియోలో యార్డు నుంచి ఒక కడప ఫిట్టరుది ఒక్కటే. మొహం ఎరగను.

"అన్నా, పొద్దున ఏం తింటివి?"

"ఖుబ్బూస్ రొట్టేనయ్యా. నువ్వో?"

"అదే. ఇంగేముంటాది ఈడ."

ఆగస్టులో ఒక మంగళవారం. పదీ ఇరవై. ఫిట్టరు ఓడ అడుగున, నీళ్లు తోడేసిన ట్యాంకులో ఉన్నాడు. చుక్క ఆగింది. పిలిచాను. మళ్లీ పిలిచాను.

"అన్నా... నిద్దరొస్తాండాది."

మూసి ఉంచిన ట్యాంకులో తుప్పు ఆక్సిజన్‌ను తినేస్తుంది. నేవీలో అలాంటి చోటు నుంచి ఒక స్నేహితుణ్ని పైకి మోసుకొచ్చాను. అతను బతకలేదు.

యార్డులో సేఫ్టీ ఆఫీసరును పిలిచాను. సిలిండరు లేకుండా ఎవర్నీ దించొద్దన్నాను. ఫిట్టరు దిగిన దారి పొడవు. పక్క ట్యాంకు గోడలో మనిషి దూరే కంత ఒకటి నాకు కనిపిస్తోంది. అటునుంచి సగం దూరమే. కానీ ఈ జంట ఓడకు కొలతలు తీసింది జనవరిలో. ఆ తర్వాత దానికి మూత బిగించేసి ఉంటే?

"పక్క ట్యాంకులోంచి వెళ్లండి" అన్నాను.

ఏడు నిమిషాలు, ఆగిన ఆ చుక్క పక్కనే ఉన్నాను.

"మిల్ గయా భాయ్. సాఁస్ హై" అన్నాడు ఆఫీసరు. దొరికాడు, ఊపిరుంది.

శుక్రవారం సెలవు. బస్సులో ఫహాహీల్ వైపు, ఫిట్టరును చేర్చిన ఆసుపత్రికి వెళ్లాను. మంచం ఖాళీ. ముందు రోజే కంపెనీ అతణ్ని ఇండియా విమానం ఎక్కించిందట. నెంబరు అడిగితే ఎవరి దగ్గరా లేదు.

మళ్లీ మేలో కాంట్రాక్టు ఖలాస్. మా అమలాపురం వచ్చేశాను. కువైట్‌లో ఎంతెంత ఓడలు చూశావని ఊళ్లో అడుగుతారు. ఒక్కటీ చూడలేదంటే నవ్వుతారు.

నన్ను వదలనిది ఒకటుంది. ఆ మంగళవారం, ఆఫీసరు మాట విన్నాక కళ్లద్దాలు తీశాను. ఓడ లేదు. ఖాళీ షెడ్డు నడుమ మోకాళ్ల మీద ఉన్నాను. ఎవరి తలనో ఎత్తి పట్టుకున్నట్టు, నా కుడి అరచెయ్యి నేలకు జానెడు ఎత్తులో ఆగి ఉంది.