వరుస తప్పని జవాబులు

ఆసుపత్రిలో పిల్లల తెలివిని కొలిచే గదిలో ఆమె పందొమ్మిదేళ్ళుగా ఆయా. అసలు పేరు జీతం పట్టీలో ఉంటే ఉండొచ్చు గాని, నోటితో ఎవరు పిలిచినా ఆయమ్మే. కొలిచేది మేడమ్. వరండాలో చొక్కా కొస నములుతూ ఏడిచే పిల్లను బుజ్జగించి లోపలికి తేవడం, బల్ల మీద ఎర్ర తెల్ల చెక్కముక్కలు పెట్టడం, పరీక్ష జరిగినంతసేపూ గోడవారగా స్టూలు మీద కూర్చోవడం, పిల్ల వెళ్ళాక ఆ ముక్కలకంటిన చీమిడి తుడవడం ఆయమ్మ పని. మొగుడు పోయిన ఏడాది చేరింది. చదువు మూడో తరగతితో సరి. "నాకు బుర్రుంటే మీ కుర్చీలో నేనే కూర్చునేదాన్ని కదమ్మా" అని నవ్వేది. మేడమ్ కూడా నవ్వేది.

పరీక్షకు ఒక లావుపాటి పుస్తకం ఉంది. అందులో ఉన్న ప్రశ్నే అడగాలి, ఒక్క మాట మార్చకూడదు, వరుస అసలే తప్పకూడదు. అలా అయితేనే ఒక పిల్లనూ ఇంకో పిల్లనూ పోల్చడం న్యాయమట. గొడుగూ చెప్పులూ ఏ రకంగా ఒకటి? రెండూ మనల్ని కాపాడతాయి. గంటా ఏడాదీ ఏ రకంగా ఒకటి? రెండూ కాలం లెక్కలు. రోజుకు ఐదారుగురు పిల్లల చొప్పున పందొమ్మిదేళ్ళు ఇవే ప్రశ్నలు. ఆ గోడకు నోరుంటే అదీ అప్పజెప్పేసేది. ఆయమ్మకు చెవులున్నాయి, లేదు లేదని తను చెప్పుకునే బుర్ర కూడా ఒకటుంది.

అన్నీ అయ్యాక చివర ఒక అంకె తేలుతుంది. నూరుకు అటూ ఇటూ అయితే తల్లి గండం గడిచినట్టు లేస్తుంది. డెబ్బైకి దిగిందంటే వరండాలో బెంచీ మీద కూలబడిపోతుంది. అలా కూలబడిన తల్లులకు మంచినీళ్ళ గ్లాసు అందించి అందించి ఆయమ్మకు ఆ అంకె అంటేనే హడలు పుట్టింది.

ఆ హడలు ఒకనాడు ఇంటికే వచ్చింది. కొడుకు కూతురికి ఎనిమిదేళ్ళు. కాలు నిలవక గెంతుతుంటుందని పిచ్చుక అంటారు. నిరుడు వచ్చిన చదువు ఈ ఏడాది రావడం లేదనీ, తెలివి పరీక్ష చేయించమనీ బడివాళ్ళు కాగితం పంపారు. బడివాళ్ళు చెప్పేదాకా ఇంట్లో తెలియక కాదు. నిరుడు తన బూట్ల తాళ్ళు తనే కట్టుకున్న పిల్ల ఇప్పుడు తాళ్ళు చేత్తో పట్టుకుని వాటిని చూస్తూ కూర్చుంటోంది. వీధి చివరి కొట్టుకు పంపితే సగం దారిలో ఆగిపోతోంది. పరధ్యానం అన్నాడు తండ్రి. మొండితనం అంది తల్లి. భయంగా ఉందని మాత్రం ఒక్కరూ అనలేదు.

"అత్తయ్యా, రోజూ చూసేవాళ్ళు కదా మీరు. మన పిల్లకి ఎంతొస్తుందంటారు?" అని కోడలు ఆగలేక అడిగింది.

"నోర్ముయ్యవే! దానికేం తక్కువ?" అని కసిరింది ఆయమ్మ. ఎంతొస్తుందో ఆమెకు తెలుసు. చూసి చూసి కళ్ళకే తూకం వచ్చేసింది. యాభై, మహా అయితే అరవై.

మర్నాడు పొద్దున్నే, బడికి జడ వేసేటప్పుడు, మొదలుపెట్టింది. ప్రశ్నలు చెబితే పిల్లకు తికమక. అందుకని ప్రశ్నలు వదిలేసి జవాబులే, పుస్తకంలో ఉన్న వరుసలో, దువ్వెన ఒకసారి దిగితే ఒక జవాబు చొప్పున పాడినట్టు చెప్పించింది. కొట్టుకు దారి మరిచిపోయే పిల్లకు ఆ వరుస పట్టుబడింది. ఎలా పట్టుబడిందంటే ఏం చెప్పగలం, కొన్నాళ్ళకు నాలుకే మోసుకుపోయేది. అగ్గిపెట్టెలకు రంగు కాగితాలు అంటించి చెక్కముక్కల ఆట కూడా నేర్పింది.

"నానమ్మా, ఇదంతా దేనికి?"

"ఆట తల్లీ. ఇందులో గెలిస్తే నిన్నెవ్వరూ ఏమీ అనరు."

తప్పని ఆమెకు తెలుసు. పుస్తకంలోది బయటికి పొక్కితే ఉద్యోగం ఊడుతుందనీ తెలుసు. భయం పట్టిన మనిషికి ఇవన్నీ తెలిసి ఏం లాభం? నలభై రోజులు జడ వేసింది.

పరీక్ష రోజున సొంత మనిషి గదిలో ఉండకూడదన్నారు. తల్లులు కూలబడే బెంచీ మీదే కూర్చుంది, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి. తలుపు సందులోంచి పిల్ల గొంతు వినిపిస్తోంది. మేడమ్ మాట ముగియకముందే జవాబు గడగడా వచ్చేస్తోంది. ఒక్క ప్రశ్న అటూ ఇటూ అయితే దండలో దారం లాగినట్టే, మిగతావన్నీ రాలిపోతాయి. ఒకచోట మేడమ్‌కు దగ్గు వచ్చి ప్రశ్న మళ్ళీ మొదటినుంచి అడిగింది. ఆయమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్ల కాసేపు ఆగింది. ఆగి, చెప్పిన జవాబే మళ్ళీ చెప్పింది. ఆయమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

తలుపు తీసుకుని మేడమ్ నవ్వుతూ పిలిచింది. "లోపలికి రా ఆయమ్మా! నూట ఇరవై రెండు! అడగడం పూర్తి కాకుండానే చెప్పేస్తోంది. త్వరగా చెప్పినందుకు కూడా మార్కులుంటాయి మరి. ఎవరు నేర్పారే పిల్లా నీకింత తెలివి?"

"నేనేం నేర్పలేదమ్మా" అనేసింది ఆయమ్మ, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. మేడమ్ పట్టించుకోలేదు. ఆయమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గండం గడిచిందనుకుంది. పిల్లను దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

మేడమ్ కాగితం ముందుకు లాక్కుని రాస్తూ మాట్లాడుతోంది. "బడివాళ్ళు రాసింది చూసి నేనూ కంగారుపడ్డాననుకో. పిల్లలకి కొత్తవి రాకపోతే ఒక సంగతి. వచ్చినవి పోతున్నాయంటే తలలో ఏదో జబ్బు మొదలైనట్టే. అలాంటోళ్ళని ఆ రోజుకారోజే పైఅంతస్తులో నరాల డాక్టరు దగ్గరికి పంపేస్తాం. ముందే పట్టుకుంటే ఆపొచ్చు, ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. మన పిల్లకా బాధ లేదులే. ఉత్త బద్ధకం. కాస్త గట్టిగా ఉండమని బడికి రాసేస్తున్నా."

ఆయమ్మ చెయ్యి పిల్ల తల మీదే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె అంకెనే చూసింది. అంకె వేశాక ఆ కాగితం ఎటు వెళుతుందో ఎన్నడూ చూడలేదు. అది పిల్ల మీద వేసే ముద్ర అనుకుంది గాని, జబ్బును పట్టుకునే వల అనుకోలేదు. ఆ వలకు చిల్లు పెట్టింది తనే. చెబితే ఉద్యోగం పోతుంది, ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? కొడుకు జీతం ఒక్కటే మిగులుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల రేపు ఏం మరిచిపోతుందో, ఎల్లుండి ఏం మరిచిపోతుందో. మేడమ్ సంతకం పెట్టి కాగితం మడుస్తోంది.

"పంపకండమ్మా" అంది.

"ఏం?"

"ఆ జవాబులు దానివి కావు. నావి."

మేడమ్‌కు అర్థం కాలేదు.

"నలభై రోజులు కూర్చోబెట్టి వరుసగా కంఠతా పట్టించానమ్మా. దానికి ప్రశ్నలే తెలీవు. నన్ను తీసెయ్యండి, కేసు పెట్టండి, మీ ఇష్టం. పిల్లని మాత్రం మళ్ళీ చూడండి."

మేడమ్ ముఖం పాలిపోయింది. మడుస్తున్న కాగితం పక్కన పెట్టి, "పుస్తకం మొత్తం వచ్చా నీకు?" అంది.

"వచ్చమ్మా."

"చెక్కముక్కలూ?"

"అవీ వచ్చు."

మేడమ్ ఆమెను ఎగాదిగా చూసింది, ఇన్నేళ్ళలో ఇదే చూడ్డం అన్నట్టు. పుస్తకం మూసి, పిల్లకు కనపడకుండా సొరుగులో పెట్టింది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పిచ్చుకా, ఇటు చూడమ్మా. ఇవాళ పొద్దున నువ్విక్కడికి ఎవరితో వచ్చావు?"

పిల్ల హుషారుగా నోరు తెరిచింది. ఏమీ రాలేదు. కిటికీ వైపు చూసింది, తన బూట్ల వైపు చూసింది. నవ్వు మెల్లిగా తగ్గిపోయింది. చివరికి, పొద్దున్నే చెయ్యి పట్టుకుని రెండు వీధులు నడిపించుకొచ్చిన మనిషి వైపే తిరిగి అడిగింది.

"నానమ్మా, చెప్పవా?"

చెప్పడానికి ఆయమ్మ పెదవులు కదిలాయి. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. మేడమ్ అదే ప్రశ్న ఇంకోసారి, ఇంకా మెత్తగా అడిగింది. నానమ్మ చెప్పదని తెలిసిపోయి పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఆయమ్మ చేతులు తియ్యలేదు.