బాలమ్మక్క బోణీ

ఈ పొద్దున పాల మల్లయ్య బిందె దించకముందే పైసలడిగాడు. నా చాయ్ హోటల్‌లో అప్పటికి పొయ్యి మాత్రమే వెలిగింది. పట్నం సేటు చక్కెర వారం వాయిదాకు ఇస్తాడు. తహసీల్ కచేరీ గుమాస్తాలు తాగిన చాయ్‌లకు జీతం నాడు ఇస్తారు. నడుమ నా చేతిలో ఆడే పైసలు పొద్దంతా చాయ్ అమ్మితేనే వస్తాయి, చాయ్‌కేమో ముందు పాలు కావాలి.

“బోణి గాకముందు గల్లాల చెయ్యి వెట్ట మల్లన్నా. నువ్వే ఒక చాయ్ కొని బోణి జెయ్యి, పాల పైసలు మాపటికి ఇస్త,” అన్నాను.

“నా పాలు నేనే కొనుక్కోవాల్నా?” అన్నాడు.

అతడి మాటలో తప్పేమీ లేదు. బోణీ కాకుండానే తీసి ఇచ్చాను.

మొన్నటిదాకా పాలు తెచ్చిన బాలమ్మక్క మాత్రం రోజూ తన పాలతోనే చాయ్ పెట్టించుకొని, కొంగుముడి విప్పి నిజాం సర్కారు హాలీ అర్ధణా బోణీగా నా చేతిలో పెట్టేది. “జర నడువనియ్యి తమ్మీ, నా పైసలు మాపటికి జూస్కుందాం,” అనేది. ఇప్పుడు బర్రెలు తోలుకొని కందుకూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

మీలో ఎవరైనా అటు పోతే ఆమెకొక మాట చెప్పండి. పొద్దుగూకింది, చాయ్ అంతా అమ్ముడైంది, బోణీ మాత్రం ఇంకా కాలేదని.